ప్రవర్తనను దిద్దువారికి కావలసిన చదువు

గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన పనుల పట్టిక మన రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలులో కలదు. 1992లో చేయబడిన 73వ సవరణ ద్వారా ఏర్పడిన ఆ పట్టికలో 29 అంశములున్నవి. రోడ్లు, త్రాగునీరు, ప్రాథమిక విద్య మున్నగునవి సభ్యులందరకు తెలిసినవే. ఇరువదియారవ అంశము సాంఘిక సంక్షేమము. వికలాంగుల సంక్షేమము, మానసిక వైకల్యము గలవారి సంక్షేమము అందులో ప్రత్యేకముగా పేర్కొనబడినవి. కాలువ పూడికకు, వీధి దీపమునకు దొరకునంత కాలము ఈ అంశమునకు సభలో దొరకుట అరుదు.

ఐనను ఊరిలో అట్టి బిడ్డ గల తల్లిదండ్రులు సలహా కొరకు వచ్చునది పెద్దల యొద్దకే. బిడ్డకు మూడేండ్లు నిండినను మాట రాలేదనియు, పిలిచిన తిరిగి చూడడనియు, కోపము వచ్చినచో తలను గోడకు కొట్టుకొనుచున్నాడనియు వారు చెప్పుదురు. పట్టణములో ఒక బోర్డు చూచితిమనియు, దానిపై “ఏ.బి.ఏ. థెరపీ” అని వ్రాసియున్నదనియు, నెల నెలకు పెద్ద మొత్తము అడుగుచున్నారనియు, ఉన్న అరయెకరము అమ్మి చేర్పింపవచ్చునా అనియు అడుగుదురు. ఆ బోర్డు మంచిదా, చెడ్డదా అని దూరమునుండి చెప్పుట ఎవరి తరము కాదు. అయితే ఒక ప్రశ్న అడుగుట ప్రతి సభ్యునికిని సాధ్యమే: “ఆ పని చేయువారు ఏమి చదివినారు? ఎవరి వద్ద ఎన్నాళ్లు నేర్చినారు?” ఈ ప్రశ్నకు రాదగిన జవాబు ఏదో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఈ శాస్త్రము దేనిని గూర్చినది?

ఏ.బి.ఏ. అనగా అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్. తెలుగున దీనిని అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణ అని చెప్పుకొనవచ్చును. మనిషి ఒక పని చేయుటకు ముందు ఏమి జరిగినది, అతడు చేసిన పని యేది, ఆ పిమ్మట అతనికి కలిగిన ఫలితమేమి అను మూడు సంగతులను జోడించి చూచుట దీని మూలసూత్రము. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ (1904–1990) ప్రయోగశాలలో ఎలుకలపై పరిశోధనలు జరిపి, 1938లో ఒక గ్రంథము ప్రకటించెను. అనుకూల ఫలితము నిచ్చిన పని మరల మరల జరుగును. ఆ ఫలితము ఆగిపోయినచో పని క్రమముగా సన్నగిల్లును. పనిని బలపరచు ఈ ఫలితమునే మన మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకములు పునర్బలనము అనుచున్నవి.

సంతలో జరుగు ఒక చిన్న సంగతితో దీనిని గ్రహింపవచ్చును. మిఠాయి అంగడి యెదుట పిల్లవాడు నేలబడి పొర్లును. నలుగురిలో సిగ్గుపడి తల్లి మిఠాయి కొనియిచ్చును. ఏడ్పు ఆగును. వచ్చే సంతనాడు అదే అంగడి కనబడగానే పిల్లవాడు మరల నేలబడును. పొర్లినచో మిఠాయి వచ్చునని బిడ్డ నేర్చినాడు; ఇచ్చినచో ఏడ్పు ఆగునని తల్లి నేర్చినది. ఇద్దరిలో ఎవరును చెడ్డవారు కారు. ఇద్దరికిని ఫలితమే గురువైనది.

ఇంతవరకు మన యిండ్లలోని అవ్వలకును తెలిసిన విషయమే. శాస్త్రము దీనికి చేర్చినది లెక్క. కెనడా దేశమున సస్కాచివాన్ రాష్ట్రములోని వేబర్న్ మానసిక వైద్యశాలలో టెడ్ అయిలాన్ అను పరిశోధక విద్యార్థి, తన గురువు జాక్ మైకేల్ పర్యవేక్షణలో చేసిన పనిని వారిరువురు 1959లో ప్రకటించిరి. అచ్చట ఒక రోగి మాటిమాటికి నర్సుల గదిలోనికి వచ్చి వారి పనికి ఆటంకము కలిగించుచుండెను. బుజ్జగించినను, బయటకు నడిపించినను ఆమె మానలేదు. విద్యార్థి ముందుగా చేసిన పని ఆమె రాకలను లెక్కించుట. సగటున రోజుకు 16 సార్లని తేలెను. నర్సులు ఆమె వంక చూచుట, మందలించుట కూడ ఆమెకు ఆదరణగానే తోచుచున్నదని గ్రహించి, ఆమె గదిలోనికి వచ్చినప్పుడు పట్టించుకొనకుండునట్లు నర్సులకు నేర్పిరి. ఏడవ వారము నాటికి రాకలు రోజుకు రెండింటికి తగ్గెను. కేకలు లేవు, కట్లు లేవు, మందు లేదు.

విశ్వవిద్యాలయములలో ప్రవేశము

1960ల నుండి ఈ శాస్త్రము అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నత విద్యగా రూపు దాల్చెను. వాషింగ్టన్ రాష్ట్రములో మాంట్రోజ్ వుల్ఫ్, టాడ్ రిస్లీ, హేడెన్ మీస్ అనువారు మూడున్నర యేండ్ల బాలునికి కండ్లజోడు అలవాటు చేసిన తీరును 1964లో ప్రకటించిరి. ఆ బాలునికి ఆటిజం లక్షణములుండెను. కంటి శుక్లములకు శస్త్రచికిత్స జరిగియుండెను. జోడు పెట్టుకొననిచో చూపు శాశ్వతముగా పోవునని కంటి వైద్యులు హెచ్చరించిరి. బలవంతముగా పెట్టిన తీసి విసరుచుండెను. పరిశోధకులు మొదట అద్దములు లేని చట్రములను గదిలో అక్కడక్కడ ఉంచిరి. వాటిని తాకినను, చేత పట్టుకొనినను తినుబండారము ముక్క నిచ్చిరి. తరువాత కండ్ల దగ్గరకు తెచ్చినప్పుడే ఇచ్చిరి. ఇట్లు మెట్టు మెట్టుగా నడిపింపగా, ఆ బాలుడు వైద్యశాల విడుచునాటికి రోజునకు ఇంచుమించు 12 గంటలు జోడు ధరించుచుండెను.

గ్రామసేవకులకు ఆసక్తి కలిగించు సంగతి మరియొకటి కలదు. కాన్సస్ విశ్వవిద్యాలయమువారు 1964లో కాన్సస్ సిటీ ఈశాన్య భాగములోని పేదల పేటలో జూనిపర్ గార్డెన్స్ బాలల కార్యక్రమమును అచ్చటి పౌరులతో కలిసి ప్రారంభించిరి. ఉన్నత విద్య నభ్యసించువారు తరగతి గదికే పరిమితులు గాక, ఆ పేటలోని పిల్లలతోను, తల్లిదండ్రులతోను పనిచేయుచు నేర్చుకొనిరి. 1968లో ఈ శాస్త్రమునకు ప్రత్యేక పత్రిక వెలువడినది. మాంట్రోజ్ వుల్ఫ్ దాని తొలి సంపాదకుడు. ఆ సంవత్సరముననే డొనాల్డ్ బేర్, వుల్ఫ్, రిస్లీ ముగ్గురును కలిసి ఈ శాస్త్రమునకు ఉండవలసిన ఏడు లక్షణములను పేర్కొనిరి. వాటి సారాంశము మనకు తెలిసిన మాటలలో ఇది: ఎంచుకొన్న సమస్య జనులకు నిజముగా ముఖ్యమైనదై యుండవలెను, చేసిన పనిని కొలిచి చూపవలెను, మార్పు తమ పనివలననే వచ్చినదని నిరూపింపవలెను, పద్ధతిని మరియొకరు చేయగలుగునట్లు విశదముగా వ్రాయవలెను, వచ్చిన మేలు కొలదికాలముననే పోక, ఇతర స్థలములలోను నిలువవలెను.

చదువు చాలని చేతులలో

మంచి పనిముట్టు నేర్పులేని చేతులలో అపాయకరమగును. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రము ఇది అనుభవము ద్వారా నేర్చినది. మయామిలోని సన్‌లాండ్ శిక్షణ కేంద్రము 1965లో ప్రారంభమైనది. మేధో వైకల్యము గలవారు అందు నివసించుచుండిరి. ఉద్యోగులు తరచు మారిపోవుచుండిరి. ఉన్నవారికి తగిన శిక్షణ లేదు. ప్రవర్తనను దిద్దు కార్యక్రమము అను పేరిటనే అచ్చట క్రూరకృత్యములు జరిగినవి. అబద్ధమాడినందుకు, తిట్టినందుకు నోటిని సబ్బుతో కడిగించిరి. పారిపోజూచినవారిని చెక్కబద్దతో కొట్టిరి. కట్టివేయుట మితిమీరినది. 1972లో విచారణ సంఘము నియమింపబడి ఈ సంగతులను వెలికి తీసినది.

పై నుండి అడుగువారు లేకపోవుట, క్రింద చేయువారికి చదువు లేకపోవుట, పద్ధతిని సరిచూచు నిపుణులు లేకపోవుట ఆ అనర్థమునకు మూలమని తేలినది. శిక్షింపబడిన బిడ్డ అప్పటికి ఊరకుండును. ఊరకున్నాడు గనుక పద్ధతి ఫలించినదని శిక్షించినవాడు తలచును. అంగడి యెదుట తల్లి నేర్చిన పాఠమువంటిదే ఇదియును. దీనిని గుర్తెరిగి తన్ను తాను అదుపులో నుంచుకొనుట చదువువలనను, గురువు కనుసన్నల పనిచేయుటవలనను మాత్రమే అలవడును. ఈ విచారణ పిమ్మట ఫ్లారిడా రాష్ట్రము నియమములు చేసినది. శిక్షణను, నిపుణుల తనిఖీని ఏర్పరచినది. 1980లలో పరీక్ష పెట్టి ధ్రువపత్రములిచ్చుట మొదలిడినది. ఆ పునాదిపైననే 1998లో ప్రవర్తనా విశ్లేషకుల ధ్రువీకరణ మండలి స్థాపింపబడినది. కావున ఈ వృత్తి విద్యలోని ప్రతి నియమము వెనుకను ఒక బిడ్డ పడిన బాధ కలదని చెప్పిన అతిశయోక్తి కాదు.

విశ్లేషకుని శిక్షణ ఎట్లుండును?

ఆ మండలి 2022 నుండి అమలు జరిపిన నియమములను అనుసరించి, ప్రవర్తనా విశ్లేషకుడు కాగోరువారికి నాలుగు మెట్లు కలవు.

మొదటిది స్నాతకోత్తర పట్టము. బి.ఏ., బి.ఎస్‌సి. వంటి పట్టము చాలదు, ఎం.ఏ., ఎం.ఎస్., ఎం.ఇడి. వంటిది కావలెను. సాధారణముగా దీనికి రెండు సంవత్సరములు పట్టును.

రెండవది ఈ శాస్త్రములో నిర్ణీతమైన బోధన. 315 గంటలు తగ్గకుండ తరగతి పాఠములు వినవలెను. ప్రవర్తనా సూత్రములు, కొలతలు, ప్రయోగ విధానము, పరిశీలన, మార్పు తెచ్చు పద్ధతులు, క్రింది ఉద్యోగుల పర్యవేక్షణ ఇందులోని విషయములు. 45 గంటలు కేవలము వృత్తి నీతికే కేటాయింపబడినవి.

మూడవది క్షేత్రానుభవము. దీనినే ఈ విద్యకు వెన్నెముక అనవలెను. పర్యవేక్షణలో 2,000 గంటలు పనిచేయవలెను. నెలకు 20 గంటలకు తగ్గరాదు, 130 గంటలకు మించరాదు. వేగిరము చేసినను ఇంచుమించు 16 నెలలు పట్టునన్నమాట. పనిచేసిన కాలములో నూటికి ఐదు వంతులు, అనగా మొత్తముపై 100 గంటలు, అర్హుడైన పర్యవేక్షకునితో గడపవలెను. బిడ్డతో పనిచేయుచుండగా పర్యవేక్షకుడు నెల నెల గమనింపవలెను. మరింత దట్టమైన పర్యవేక్షణ, అనగా నూటికి పది వంతులు పొందువారికి 1,500 గంటలు చాలును. వేరొక ముఖ్య నియమము కలదు. ఈ గంటలలో నూటికి 60 వంతులకు తగ్గకుండ, బిడ్డ సమస్యను పరిశీలించుట, లెక్కలు గీయుట, ప్రణాళిక వ్రాయుట, తల్లిదండ్రులకు నేర్పుట వంటి పనులలో గడువవలెను. పొలములో కలుపు తీసినంత మాత్రమున వ్యవసాయాధికారి కానట్లే, ఎన్ని గంటలు బిడ్డతో ఆడించినను విశ్లేషకుడు కాజాలడు.

నాల్గవది పరీక్ష. నాలుగు గంటలలో 185 ప్రశ్నలకు జవాబు లీయవలెను. ఉత్తీర్ణుడైన పిదపను చదువు ముగియదు. ప్రతి రెండు సంవత్సరములకు 32 గంటల నూతన విద్య పొందినగాని ధ్రువపత్రము కొనసాగదు. 2027తో ఈ నియమములలో కొన్నింటిని మార్చుటకు మండలి నిర్ణయించియున్నది. అమెరికాలోని అత్యధిక రాష్ట్రములలో మండలి ధ్రువపత్రముతో బాటు ప్రభుత్వ లైసెన్సును గూర్చిన చట్టములును కలవు.

విశ్లేషకునికి సహాయకులుగా పనిచేయువారు వేరు. వారికి ఉన్నత పాఠశాల చదువు, 40 గంటల శిక్షణ, నైపుణ్య నిర్ధారణ, ఒక పరీక్ష నిర్ణయింపబడినవి. వారు విశ్లేషకుని ప్రణాళికను అనుసరించి, అతని పర్యవేక్షణలోనే పనిచేయవలెను. సొంతముగా ప్రణాళిక వేయరాదు. కాంపౌండరు ఎంత మంచివాడైనను డాక్టరు కాడు. 40 గంటల చదువునకును, రెండేండ్ల పట్టముతోడి 2,000 గంటల అనుభవమునకును గల వ్యత్యాసమును సభ్యులు గుర్తుంచుకొనవలెను. మోసము జరుగుటకు అవకాశమున్నది ఈ రెంటి నడుమనే.

విద్యార్థి నేర్చు విద్య

తలను గోడకు కొట్టుకొను బిడ్డను చూచినప్పుడు సామాన్యుడు దానిని ఎట్లు మాన్పింతునా అని ఆలోచించును. శిక్షణ పొందినవాడు ఈ పనివలన బిడ్డకు కలుగుచున్న ఫలితమేది అని మొదట ఆలోచించును. తల్లి పరుగెత్తి వచ్చి ఎత్తుకొనుటయా? కష్టమైన పని తప్పిపోవుటయా? కోరిన వస్తువు చేతికందుటయా? లేక ఎవరితోను నిమిత్తము లేక దేహమునకే కలుగు ఒక విధమైన అనుభూతియా? పైకి ఒకే రీతిగా కనబడు పని వేర్వేరు బిడ్డలలో వేర్వేరు కారణముల వలన జరుగవచ్చును.

బాల్టిమోర్ నగరములో బ్రయన్ ఇవాటా, ఆయన సహచరులు తమ్ము తాము గాయపరచుకొను తొమ్మండుగురు పిల్లలను ఇట్లే పరీక్షించి 1982లో ఫలితములు ప్రకటించిరి. ఒక్కొక్కరిని కొలది నిమిషములపాటు వేర్వేరు పరిస్థితులలో ఉంచి గమనింపగా, ఆరుగురిలో ఆ ప్రవర్తన ఏదో ఒక పరిస్థితిలోనే నిలుకడగా హెచ్చినది. కారణము తెలిసినప్పుడు చికిత్సయు మారును. ఆదరణ కొరకు కొట్టుకొను బిడ్డకు, ఆదరణను సైగతోనో మాటతోనో అడుగుట నేర్పవలెను. పని తప్పించుకొనుటకు కొట్టుకొను బిడ్డకు, కొంచెము విశ్రాంతి కావలెనని తెలుపుట నేర్పి, పనిని చిన్న చిన్న ముక్కలు చేయవలెను. ఈ రెండవ బిడ్డను కోపగించి మూలకు పంపినచో, శిక్ష అనుకొన్నదే అతనికి బహుమానమగును. చదువు లేనివాడు మేలు చేయబోయి కీడు చేయుట ఇట్లే జరుగును. తల కొట్టుకొనుట వెనుక చెవిపోటు, పంటినొప్పి వంటి వ్యాధి కూడ ఉండవచ్చును గనుక, మొదట డాక్టరు చేత చూపింపవలెనని నేర్పుట కూడ శిక్షణలోని భాగమే.

ఇట్లు లెక్కించుట, కాగితముపై గీత గీసి చూచుట, కారణము వెదకుట, ప్రణాళిక వేయుట, తల్లికి నేర్పుట, గీత మారనిచో తన ప్రణాళికనే తప్పుపట్టుట విద్యార్థి క్రమముగా నేర్చుకొనును. “బిడ్డ వినుటలేదు” అని అతడు చెప్పుటకు వీలులేదు. తుదకు తన అవసరము లేకుండ చేసికొని తప్పుకొనుట మంచి విశ్లేషకుని గుర్తు.

ఈ శాస్త్రముపై గల విమర్శలు

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఐవార్ లోవాస్ 1987లో ఒక పరిశోధన ప్రకటించెను. ఆటిజం గల 19 మంది చిన్నపిల్లలకు వారమునకు 40 గంటల చొప్పున రెండేండ్లకు పైగా శిక్షణ నీయగా, తొమ్మండుగురు మామూలు తరగతిలో మొదటి సంవత్సరము పూర్తిచేసిరనియు, వారి బుద్ధి పరీక్షా ఫలితములు సాధారణ స్థాయి నందుకొనినవనియు అందు తెలిపెను. తల్లిదండ్రులలో ఇది గొప్ప ఆశ రేపినది. అయితే పిల్లలను చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా విభజింపలేదనియు, గద్దించుట, తొడపై కొట్టుట వంటి శిక్షలను కూడ వాడిరనియు విమర్శలు వచ్చినవి. చిన్ననాట ఇట్టి శిక్షణ పొంది పెద్దవారైన ఆటిజం వ్యక్తులలో పలువురు, తమ కెవరికిని హానిచేయని చేతి కదలికలను, అలవాట్లను కూడ బలవంతముగా మాన్పించిరని బాధతో చెప్పుచున్నారు.

ఆ మాటలను నేటి శిక్షణలో విద్యార్థులు వినవలసియున్నది. మండలి 2022 నుండి అమలు జరిపిన నీతి నియమావళి, సేవ పొందువారి గౌరవమును ముందుంచి, పునర్బలన పద్ధతులకు ప్రాధాన్య మిచ్చుచున్నది. శిక్షతో కూడిన పద్ధతులను ఇతర మార్గములు విఫలమైన పిమ్మటనే ఆలోచింపవలెనని నిర్దేశించుచున్నది. ఆటిజం రోగముగా వచ్చి మందుతో పోవునది కాదు. “నయము చేసెదము” అని హామీ ఇచ్చువారిని ఆ ఒక్క మాటతోనే అనుమానింపవలెను.

మన దేశములోని చట్టములు, అవకాశములు

వికలాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. అందు 21 విధముల వైకల్యములు గుర్తింపబడినవి. ఆటిజం, మేధో వైకల్యము రెండును వాటిలోనివే. పునరావాస సేవ చేయువారి విద్యను, నమోదును 1992 నాటి భారత పునరావాస కౌన్సిలు చట్టము నియంత్రించుచున్నది. కౌన్సిలు గుర్తించిన అర్హత పొంది, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదైనవారే ఆ చట్టము చెప్పిన వృత్తులు చేయవలెను. దీనిని అతిక్రమించినవారికి ఒక సంవత్సరము వరకు జైలుగాని, వేయి రూపాయల వరకు జరిమానాగాని, రెండును గాని విధింపవచ్చును. ప్రత్యేక ఉపాధ్యాయులు, పునరావాస మనస్తత్వ నిపుణులు, మాటల శిక్షకులు ఈ రిజిస్టరు క్రిందికి వచ్చుదురు.

ప్రవర్తనా విశ్లేషకుడు అను పేరు 2021లో చేయబడిన అనుబంధ, ఆరోగ్యసేవా వృత్తుల జాతీయ కమిషన్ చట్టములో కలదు. దాని షెడ్యూలులోని ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రముల వర్గములో ఈ వృత్తి చేర్చబడినది. వృత్తులను నమోదు చేయుటకు రాష్ట్ర కౌన్సిళ్లను ఏర్పరచవలెనని ఆ చట్టము నిర్దేశించుచున్నది.

ఇక విద్యావకాశములు. మేధో వైకల్యము గలవారికి సంబంధించిన జాతీయ సంస్థ 1984 నుండి మన సికింద్రాబాదులోనే, మనోవికాస నగరులో పనిచేయుచున్నది. ప్రత్యేక విద్యలో డి.ఎడ్., బి.ఎడ్. వంటి చదువులలో ప్రవర్తనను దిద్దు పద్ధతులు పాఠ్యాంశముగా నేర్పబడుచున్నవి. పునరావాస కౌన్సిలు గుర్తింపు గల కళాశాలలో ఈ చదువు పూర్తిచేసి రిజిస్టరులో నమోదైన గ్రామ యువకునికి, యువతికి పాఠశాలలలోను, కేంద్రములలోను పనిచేయుటకు అర్హత కలుగును.

అమెరికాలో ఈ చదువు చదువగోరువారు ఒక సంగతి ముందుగా తెలియవలెను. 2023 జనవరి 1 నుండి ఆ దేశపు ధ్రువీకరణ మండలి తన దరఖాస్తులను కొలది దేశములలో నివసించువారి నుండి మాత్రమే స్వీకరించుచున్నది. భారతదేశము ఆ జాబితాలో లేదు. కావున ఇచ్చటనే ఉండి కంప్యూటరు ద్వారా పాఠములు విని ఆ మండలి పట్టా క్రొత్తగా పొందుట సాధ్యము కాదు. అది ఇప్పింతుమని రుసుము వసూలు చేయువారిని నమ్మరాదు. అచ్చటికి వెళ్లి చదువువారు విశ్వవిద్యాలయపు పాఠక్రమమునకు మండలి గుర్తింపు ఉన్నదా, పర్యవేక్షణలో పనిచేయు అవకాశము చదువుతోబాటు లభించునా అనునవి విచారించిన పిదపనే అప్పు చేయవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఊరిలో మాట ఆలస్యమైన, ప్రవర్తనలో తేడా గల పిల్లల సంగతి అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా తెలిసికొనవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుమార్లు, పాఠశాల పిల్లలను ఒకమారు పరీక్షింపవలెను. ఆ బృందము వచ్చునాడు ఏ బిడ్డయు ఇంటివద్ద దాచబడకుండ చూచుట సభ్యుల బాధ్యత.

2. అనుమానమున్న బిడ్డను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుటలో తల్లిదండ్రులకు తోడుపడవలెను. ప్రైవేటు కేంద్రమునకు డబ్బు కట్టుటకు ముందే ఈ పని జరుగవలెను.

3. ప్రైవేటు కేంద్రములో చేర్పింపదలచినవారు నాలుగు ప్రశ్నలు అడుగునట్లు చెప్పవలెను: ప్రణాళిక వేయువారి పట్టమేది, నమోదు సంఖ్య యేది? బిడ్డతో రోజూ కూర్చుండువారిని ఎవరు, ఎన్నిమార్లు పర్యవేక్షింతురు? బిడ్డ పురోగతి లెక్కలను మాకు చూపుదురా? మేము గదిలో కూర్చుండి చూడవచ్చునా? తలుపు మూసి, తల్లిని బయట కూర్చుండబెట్టి, లెక్క చూపని చోట బిడ్డను విడువరాదు. పునరావాస కౌన్సిలు నమోదు సంఖ్యను కౌన్సిలువారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును.

4. కొట్టుట, కట్టుట, అన్నము మాన్పుట, మూసిన గదిలో నుంచుట చికిత్స కాదని గ్రామసభలో స్పష్టముగా చెప్పవలెను. ఇంటివద్దనైనను, కేంద్రములోనైనను ఇది వర్తించును.

5. ఊరిలో డిగ్రీ చదివి ఉద్యోగము కొరకు చూచువారిలో ఓర్పు, పిల్లలపై ప్రేమ గలవారికి ప్రత్యేక విద్యా కోర్సుల సంగతి తెలుపవలెను. మండలమునకు ఒక్కరు ఈ విద్య నేర్చి తిరిగి వచ్చినను, పలు కుటుంబములు భూమి అమ్ముకొనవలసిన అగత్యము తప్పును.

వంతెన కట్టు కంట్రాక్టరు అర్హతను టెండరులో పరిశీలింతుము. బోరు వేయువాని యంత్రమును చూచి గాని పని యప్పగింపము. బిడ్డ మనస్సును, నడతను దిద్దుటకు పూనుకొన్నవారి అర్హతను అంతకంటె శ్రద్ధతో విచారించుట న్యాయము. వంతెన కూలినచో మరల కట్టవచ్చును. బాల్యము రెండవమారు రాదు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన పంచాయతీ పరిధిలో వైకల్యము గల పిల్లలెందరు? వారిలో ఎందరికి వైకల్య ధ్రువపత్రము లభించినది?

2. గత సంవత్సరములో సంచార వైద్య బృందము మన అంగన్‌వాడీకి ఎన్నిమార్లు వచ్చినది? రాకున్నచో ఎవరికి వ్రాయవలెను?

3. విశ్లేషకునికిని, 40 గంటల శిక్షణ పొందిన సహాయకునికిని గల భేదమును తల్లిదండ్రులకు ఎట్లు వివరింతురు?

4. అంగడి యెదుట ఏడ్చు బిడ్డ కథలో తల్లి ఏమి చేసియుండవలసినది? ఆమెకు ఆ సలహా నిచ్చుటకు తగిన చదువు ఎవరికి కలదు?